అడవీ మన చెంతనే, తాబేలూ మన తీరానికే

సబ్బవరం: వన్యప్రాణులను చూడాలంటే దూరదేశాలు తిరగనక్కరలేదు. ఇక్కడి నుంచి పెందుర్తి, సింహాచలం మీదుగా విశాఖ వెళితే అడవి, సముద్రం రెండూ ఒకే ప్రయాణంలో చూడవచ్చు.

సింహాచలం కొండల వరుసలోనే కంబాలకొండ గలదు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. చిరుతపులి, కణుజు, చుక్కల దుప్పి, అడవిపంది, నెమలి ఇందులో ఉన్నాయి. పొద్దున్నే సద్దు చేయకుండా నడిచేవారికే ఏదైనా కంటబడుతుంది. రహదారికి అవతల 1977లో తెరచిన జంతు ప్రదర్శనశాల, అది దాటితే సాగర్ నగర్ తీరం.

ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు విశాఖ తీరానికి రాత్రివేళ వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, నూరు గుడ్ల వరకు పెట్టి, కప్పి వెళ్లిపోతాయి. అటవీ సిబ్బంది ఆ గుడ్లను ఏరి, కంచె కట్టిన చోట ఇసుకలో పాతుతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకి వస్తాయి.

అయితే చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకువస్తున్నాయి. తాబేలు గాలి కోసం నీటిపైకి రావాలి. మరపడవల వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఒడ్డున కుక్కలు గుడ్లు తవ్వి తింటాయి. వీధి దీపాల వెలుగు చూసి పిల్లలు సముద్రం వైపు కాక రోడ్డు వైపు పాకుతాయి.

చూడబోయేవారు టార్చిలైటు వేయరాదు, గుడ్లు ముట్టరాదు. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. గుడ్లు పెట్టే నెలల్లో తీరపు దీపాలు తగ్గించే విషయమై అధికారులు శ్రద్ధ వహించాలి.