వార్తల్లో పదం: డిఫాల్ట్ రూట్

ఫైర్‌వాల్ పని అడ్డుకోవడమే కాదు, దారి చూపడం కూడా. లోపలి కంప్యూటర్ పంపిన ప్యాకెట్ ఎటు వెళ్లాలో ఫైర్‌వాల్‌లోని రూటింగ్ పట్టిక చెబుతుంది. అడ్మిన్ చేత్తో రాసిన వరుస స్టాటిక్ రూట్: 10.20.0.0/16 బ్రాంచి ఆఫీసుది, 10.1.1.2 గేట్‌వేకి పంపు, అన్నట్టు. ఏ వరుసకూ సరిపోనివన్నీ డిఫాల్ట్ రూట్‌లో పోతాయి. దాన్ని 0.0.0.0/0 అని రాస్తారు. సాధారణంగా అది ఇంటర్నెట్ ప్రొవైడర్ వైపు ఉంటుంది.

రెండు వరుసలూ సరిపోతే? చిరునామాను ఎక్కువ కచ్చితంగా చెప్పేదే గెలుస్తుంది. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ను దెబ్బతీసింది ఈ నియమమే. ప్రభుత్వ ఆదేశం మేరకు దేశంలో ఆ సైట్‌ను ఆపబోయి పాకిస్థాన్ టెలికాం 208.65.153.0/24 అనే దారి పెట్టింది. అది కాస్తా బయటికి పొక్కింది. యూట్యూబ్ ప్రకటించిన /22 దారి కంటే ఇరుకైనది, అంటే ఎక్కువ కచ్చితమైనది కావడంతో ప్రపంచంలో చాలాచోట్ల రూటర్లు అటే మళ్లాయి, రెండు గంటలకు పైగా.

ఆఫీసుల్లో జరిగే పొరపాటు ఇంత ఘనమైనది కాదు లెండి. వెళ్లే దారి రాస్తారు, అవతలి ఫైర్‌వాల్‌లో తిరుగుదారి మరుస్తారు. పింగ్‌కు జవాబు రాదు. నింద మాత్రం ఫైర్‌వాల్ అడ్డుకునే రూల్స్ మీద పడుతుంది.