సున్తీ తరువాత చర్మం తిరిగి వస్తుందా?

అమెరికాలో మగబిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రివారు "సున్తీ చేయించమంటారా?" అని అడగడం మామూలే. మన ముస్లిం కుటుంబాల్లో అది మతాచారం. ఆ ఆచారం లేని కుటుంబాల్లో కూడా, ఇక్కడి పద్ధతి కాబోలు అనుకుని సంతకం పెట్టేవారున్నారు. ఆ బిడ్డ పెద్దవాడై "పోయిన చర్మం తిరిగి తెచ్చుకోవచ్చా?" అని అడిగితే ఏం చెప్పాలి? నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. చదివి తెలుసుకున్నది నలుగురితో పంచుకుంటున్నాను.

కోసేసిన చర్మం మళ్ళీ మొలవదు. మిగిలిన చర్మాన్ని మాత్రం కొంత పెంచవచ్చు. చర్మాన్ని చాలాకాలం మెల్లగా లాగి ఉంచితే కణాలు విభజన చెంది కొత్త చర్మం ఏర్పడుతుంది. కాలిన గాయాలకు చికిత్స చేసేటప్పుడు ప్లాస్టిక్ సర్జన్లు పక్కనున్న మంచి చర్మం కింద చిన్న సంచి అమర్చి, దాన్ని వారాల తరబడి ఉప్పునీటితో కొద్దికొద్దిగా నింపుతారు. అక్కడా ఇదే సూత్రం.

ఆపరేషన్ లేని పద్ధతిలో అంగం మీది చర్మాన్ని చేతులతోగాని, టేపుతోగాని, చిన్న పరికరంతోగాని రోజూ కొంతసేపు ముందుకు లాగి ఉంచుతారు. ఫలితానికి సంవత్సరాలు పడుతుంది. నొప్పి పుట్టినా, రక్తం కనిపించినా, చర్మం రంగు మారినా వెంటనే ఆపాలి. మొదలుపెట్టేముందే యూరాలజిస్టుతో మాట్లాడటం మంచిది.

దీనివల్ల అంగం కొనకు మళ్ళీ కప్పు ఏర్పడవచ్చు. స్పర్శ మెరుగైందని చేసుకున్నవారు కొందరు చెబుతారు. పెద్ద ఎత్తున జరిగిన వైద్య పరీక్షలు మాత్రం లేవు. ముందరి చర్మం అంచున దట్టంగా ఉండే నాడులు మాత్రం, ఒకసారి పోతే, ఈ పద్ధతిలో తిరిగి రావు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో సున్తీవల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, హెచ్.ఐ.వి. వంటివి తగ్గుతాయనీ, నష్టాలకంటే లాభాలే ఎక్కువనీ చెప్పింది. అయినా పుట్టిన ప్రతి మగబిడ్డకూ చేయమని సిఫారసు చేసేంత లాభం లేదనీ, నిర్ణయం తల్లిదండ్రులదేననీ అంది.

కనుక ఆ నిర్ణయం ప్రసవానికి ముందే, తీరిగ్గా ఆలోచించి తీసుకోవాలి. ఇప్పుడు వద్దనుకున్నా పెద్దయ్యాక అబ్బాయే చేయించుకోవచ్చు. చేయించాక మునుపటిలా చేయడం ఎవరివల్లా కాదు. ఎదిగిన కొడుకు ఈ ప్రశ్న అడిగితే సిగ్గుపడో, కసురుకునో మాట మార్చకండి. తెలిసింది చెప్పి, మంచి డాక్టరు దగ్గరికి పంపండి.