కవాయి ఓఓ, నెబ్రోడి పుట్టగొడుగు - పోలిక

కవాయి ఓఓ (శాస్త్రీయ నామం: మోహో బ్రకేటస్) హవాయి దీవులలోని కవాయి ద్వీపంలో నివసించి, ప్రస్తుతం అంతరించిపోయిన ఒక పాటపిట్ట. నెబ్రోడి పుట్టగొడుగు (శాస్త్రీయ నామం: ప్లూరోటస్ నెబ్రోడెన్సిస్) ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో పెరిగే, అంతరించే ప్రమాదంలో ఉన్న ఒక శిలీంధ్రం. రెండూ స్వల్ప విస్తీర్ణానికి పరిమితమైన ద్వీప జీవులే. అయితే వీటికి ప్రమాదం వాటిల్లిన విధానం వేరు.

కవాయి ఓఓ

ఇది సుమారు 20 సెంటీమీటర్ల పొడవు గల నల్లని పక్షి. కాళ్ళపై పసుపుపచ్చని ఈకలు ఉండేవి. చెట్ల తొర్రలలో గూడు కట్టేది. 19వ శతాబ్దంలో ఓడల ద్వారా హవాయికి దోమలు చేరాయి. అవి వ్యాపింపజేసిన పక్షి మలేరియాను తట్టుకొనే శక్తి స్థానిక పక్షులకు లేదు. బయటినుండి వచ్చిన ఎలుకలు, అడవుల నాశనం కూడా ఈ జాతి క్షీణతకు కారణాలు. చివరకు ఇది చల్లని అలకాయి చిత్తడి అడవిలో మాత్రమే మిగిలింది. 1982, 1992 సంవత్సరాలలో తుఫానులు ఆ అడవిని దెబ్బతీశాయి. దీని పాట చివరిసారిగా 1987లో వినబడినది. 2023లో అమెరికా ప్రభుత్వం ఈ జాతి అంతరించినదిగా నిర్ధారించి, రక్షిత జాతుల జాబితానుండి తొలగించింది.

నెబ్రోడి పుట్టగొడుగు

ఇది మడోనీ పర్వతాలలో, 1200 మీటర్లకు పైబడిన ఎత్తున, సున్నపురాతి నేలలలో ఒక గడ్డిమైదానపు మొక్క వేళ్ళను ఆశ్రయించి పెరుగుతుంది. తెలుగునాట పెంచే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు కూడా ప్లూరోటస్ ప్రజాతికి చెందినవే. దీనికి ముప్పు తెచ్చినది దాని రుచి. అధిక ధర పలకడంతో పక్వానికి రాకముందే కోస్తారు. 2006లో ఐ.యు.సి.ఎన్. ఎరుపు జాబితాలో దీనిని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చారు. ఏటా 250 కంటే తక్కువ పుట్టగొడుగులు మాత్రమే పక్వదశకు చేరుతున్నాయని ఆ అంచనా.

పోలిక

పక్షి మరణిస్తే ఆ ప్రాణి పూర్తిగా పోయినట్లే. పుట్టగొడుగు అలా కాదు. మనకు కనిపించేది ఫలభాగం మాత్రమే. అసలు జీవి నేలలో, వేళ్ళలో సన్నని దారాల వలగా ఉంటుంది. కోసినంత మాత్రాన అది చావదు. కాని పక్వానికి రాకముందే కోస్తే సిద్ధబీజాలు రాలవు, కొత్త తరం పుట్టదు. కనుక నష్టం వెంటనే కానరాదు.

ఓఓ పక్షిని కాపాడాలంటే దీవి అంతటా దోమలను అరికట్టవలసి ఉండేది. నెబ్రోడి పుట్టగొడుగును కృత్రిమంగా పెంచవచ్చు. తోటలో పెంచినవి అంగడికి సరిపోతే కొండపై వాటిని పక్వమయ్యేవరకు వదలివేయవచ్చు. పక్షి విషయంలో నేడు మిగిలినవి దాని పాట ధ్వనిముద్రణలు, సంగ్రహాలయ నమూనాలు. పుట్టగొడుగు విషయంలో జీవి ఇంకా మిగిలే ఉన్నది.