మందును బయటికి పంపేసే ద్వారపాలకుడు



మన వైపు తోటల్లో పనిచేసిన పాత తరానికి చలిజ్వరం అంటే మలేరియానే, మందంటే చేదు క్వినైనే. తర్వాత క్లోరోక్విన్ మాత్ర వచ్చింది. చౌక, బాగా పనిచేసేది. కానీ ఆ మాత్రకు లొంగని ఫాల్సిపారం మలేరియా మలయాలో కనిపించిందని 1963లోనే వైద్యులు రాశారు. ఎందుకు లొంగలేదో తేలింది మాత్రం 2000లో. నేను వైద్యుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి. ఒక్క అక్షరం తప్పుతో ప్రోగ్రామంతా తారుమారు కావడం మాకు అలవాటే. ఇదీ దాదాపు అలాంటి కథే.

మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. అది అరిగేది ఆమ్లం నిండిన ఒక చిన్న సంచిలో. తిన్నాక మిగిలే హీమ్ ఆ క్రిమికే విషం. అందుకే దాన్ని స్ఫటికాలుగా గడ్డకట్టిస్తుంది. క్లోరోక్విన్ ఈ సంచిలోకి దూరుతుంది. లోపలి ఆమ్లం వల్ల దానికి ధనావేశం వస్తుంది, ఇక గోడ దాటి రాలేదు. అక్కడే పోగై స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడుతుంది. క్రిమి తన తిండి మిగిల్చిన విషంతోనే చస్తుంది.

ఆ సంచి గోడలో పీఎఫ్‌సీఆర్‌టీ అనే రవాణా ప్రోటీన్ ఉంది. గుడి వాకిట ద్వారపాలకుడనుకోండి. ఇది 424 అమైనో ఆమ్లాల గొలుసు. మామూలుగా 76వ చోట లైసిన్ ఉంటుంది. దానిదీ ధనావేశమే కాబట్టి ధనావేశమున్న మందును దారిలోకి రానివ్వదు. మొండి క్రిముల్లో అక్కడ థ్రియోనిన్ ఉంటుంది, దానికి ఆవేశం లేదు. మరికొన్ని మార్పులూ తోడై దారి తెరుచుకుంటుంది, మందు బయటికి పోతుంది. మాత్రలో లోపం లేదు, ఉండాల్సిన చోట అది నిలవడం లేదంతే.

నాకు బాగా నచ్చింది ఆఫ్రికాలోని మలావి సంగతి. ఆ దేశం 1993లో క్లోరోక్విన్ మానేసింది. మారిన ద్వారపాలకుణ్ణి మోయడం క్రిమికి భారమే. మందు లేనప్పుడు పాత రకమే నెగ్గింది. 2005లో పిల్లలకు ఇచ్చి చూస్తే దాదాపు అందరికీ నయమైంది.

మలేషియాలో 2018 నుంచి స్థానికంగా మనుషుల మలేరియా లేదు. కోతుల నుంచి వచ్చే నోలెసి రకం అడవుల దగ్గర ఉంది. ఆంధ్రలో విశాఖ మన్యం వైపు మలేరియా ఇంకా పోలేదు. అటు వెళ్ళొచ్చాక జ్వరం వస్తే ఇంట్లో మిగిలిన పాత మాత్ర మింగకండి. ఎక్కడికి వెళ్ళారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఏ రకం క్రిమో తెలిశాకే మందు. ఫాల్సిపారానికి ఇప్పుడు ఆర్టెమిసినిన్‌తో మరో మందు కలిపి ఇస్తారు. రెండో రోజుకే జ్వరం దిగినా ఇచ్చిన మాత్రలన్నీ వేసుకోవాలి.