మధుమేహులారా, నొప్పి లేదని ఉపేక్షింపరాదు

వడ్డాదిలో స్వామివారి దర్శనానికి వరుసలో నిలిచిన మా నాన్నగారికి ఒకనాడు ఒళ్ళంతా చెమట పట్టి, ఆయాసం వచ్చింది. గుండెలో నొప్పి లేదు. ఉపవాసపు బడలిక అనుకొని సాయంత్రం దాకా ఆగాము. అది గుండెపోటని ఈసీజీ తీసిన తరువాత తెలిసింది.

చిరకాల మధుమేహం నరాలను మొద్దుబార్చుతుంది. అందువలన గుండెనొప్పి తెలియకపోవచ్చును. దానికి రక్తపోటు, చెడు కొలెస్టరాల్, నడుము చుట్టుకొలత, పొగాకు తోడైతే ముప్పు ఇనుమడిస్తుంది. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షను తొలి గంటలలోనే అధిక ఫలమిస్తుంది. 12 గంటలు దాటితే ప్రయోజనం స్వల్పం. స్టెంటు అమర్చిన పిమ్మట కూడ మధుమేహులలో నాళం మరల పూడుకొనే అవకాశం ఇతరులకంటె హెచ్చు. కనుక చికిత్సతో జాగ్రత్త ముగియదు.

మూడు నెలల సగటు చక్కెర సాధారణంగా 7 శాతం లోపు, రక్తపోటు 130/80 లోపు ఉండాలని వైద్యులు చెబుతారు. మన చెరకు సీమలో బెల్లం హాని చేయదనే భ్రమ కలదు. అదీ చక్కెరను పెంచుతుంది. ప్రసాదం కణమైనా ప్రసాదమే. ఉపవాసానికి ముందు వైద్యుని అడగండి. అకారణంగా చెమట, ఆయాసం కలిగితే వెంటనే 108కి ఫోను చేయండి.

మా జాప్యం నాన్నగారి గుండె బలాన్ని కొంత హరించింది. మీరు ఆగవద్దని మనవి.