చేప ప్రసాదం – పైసలు తీసుకోని మందు



చలికాలం వచ్చిందంటే మన హాస్టల్లో రాత్రిపూట పిల్లికూతలతో లేచి కూర్చునే వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పేర్లు రాయను, అందరికీ తెలుసు. వాళ్లలో ఒకడు పోయిన వారం నన్ను అడిగిండు: "మీ చెల్లెను హైదరాబాదు చేప మందుకు తీసుకపోయిండ్రు కదా, తగ్గిందా?" అని. ఒక్క మాటలో చెప్పలేకపోయిన. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రతి ఏడాది జూన్ నెలలో మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి కుటుంబం ఉబ్బసం ఉన్నవాళ్లకు చేప ప్రసాదం ఇస్తుంది. 1845లో వీరన్న గౌడ్ అనే పూర్వీకునికి ఒక సాధువు ఈ మందు చెప్పాడని ఆ కుటుంబం వారు అంటారు. సాధువు పెట్టిన షరతులు రెండట. ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదు, తయారీ రహస్యం బయట పెట్టకూడదు. ముందు పాతబస్తీ దూద్‌బౌలిలోని వాళ్ల ఇంటి దగ్గరే ఇచ్చేవారు. జనం పెరిగిన తర్వాత వేరే చోటికి మార్చారు. కరోనా వల్ల 2020 నుంచి 2022 వరకు ఇవ్వలేదు. 2023లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో కుటుంబ పెద్ద హరినాథ్ గౌడ్ గారు చనిపోయారు. అయినా మరుసటి సంవత్సరం కూడా ఇంటివాళ్లందరూ కలిసి ఇచ్చారు.

మేము పోయింది ఆ మరుసటి సంవత్సరమే, 2024 జూన్‌లో. మా నాయినకు నమ్మకం కుదిరింది కూడా పైసలు తీసుకోరనే మాట మీదనే. మా ఊళ్లో పసరు మందు ఇచ్చే తాత ఉన్నాడు. అర్ధరాత్రి లేపినా వస్తాడు, రూపాయి ముట్టడు. "పైసలు పట్టుకుంటే మందు పనిచెయ్యదు బిడ్డా" అంటాడు. కాబట్టి ఊరికే ఇచ్చేవాడు అబద్ధం చెప్పడని మా నాయిన లెక్క. అమ్మకూ చెల్లెకూ బస్సు టికెట్టు లేదు, నాకూ నాయినకూ మాత్రమే అయింది.

ఆ గ్రౌండులో నేను చూసింది మరిచిపోలేను. కట్టెలు కట్టిన లైన్లలో వేలమంది. మన భాష రానివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. స్వచ్ఛంద సంస్థల వాళ్లు అన్నం, మంచినీళ్లు పంచుతున్నారు, నీ పేరేంటి, ఏ కులం అని ఎవరూ అడగలేదు. చేప మాత్రం మనం కొనుక్కోవాలి, మత్స్యశాఖ వాళ్లు అమ్ముతారు. రెండు మూడు అంగుళాల బతికున్న కొరమీను పిల్ల. దాని నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, మన గొంతులోకి జారవిడుస్తారు. చేప తిననివాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. మా చెల్లె ముక్కు మూసుకొని, కళ్లల్ల నీళ్లు పెట్టుకొని మింగింది.

చేప కదులుకుంటూ పోయి ఊపిరితిత్తులలో కఫాన్ని శుభ్రం చేస్తుందని లైన్‌లో అందరూ చెప్పుకున్నారు. ఇక్కడ మన సైన్సు పుస్తకం గుర్తు చేసుకోండి. గొంతులో దారులు రెండు. మింగింది అన్ననాళంలో నుంచి పొట్టలోకి పోతుంది, గాలి వాయునాళంలో నుంచి ఊపిరితిత్తులలోకి పోతుంది. చేప రెండో దారికి పోనే పోదు, పోతే మనిషికే ప్రమాదం. ఆ ముద్ద ఉబ్బసాన్ని తగ్గిస్తుందని పరీక్షలలో రుజువు కాలేదని జనవిజ్ఞాన వేదిక వాళ్లు చాలా ఏళ్లుగా అంటున్నారు. ఆ గొడవల తర్వాతే 'మందు' అనే మాట పోయి 'ప్రసాదం' అయింది. ఇదంతా నాకు అప్పుడు కొంత తెలుసు. కానీ నాయిన పత్తి పైసల్లో నుంచి తీసి ఖర్చు పెట్టిండు, నేను నోరు తెరవలేదు.

ఇంటికి రాగానే నాయిన చెల్లె పీల్చే పంపులు రెండూ గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టిండు. జూలై దాకా చెల్లె మంచిగనే ఉంది. ఊరంతా "చూసిండ్రా, చేప పనిచేసింది" అన్నరు. ఆగస్టులో ముసురు పట్టింది, తడికట్టెల పొగ ఇల్లంతా నిండింది. ఒక రాత్రి చెల్లెకు మాట రాలేదు, పెదవులు నీలంగా అయినయి. నాయిన దూలం మీది నుంచి పంపు తీస్తుంటే చేతులు వణికి కింద పడేసిండు. 108కి ఫోన్ చేసినం. వాగు దాకా మంచం మీద మోసుకపోయినం, అవతలి ఒడ్డున బండి ఆగి ఉంది. వాళ్లు ఆక్సిజన్ పెట్టిండ్రు. ఆ బండికి గానీ, సర్కారు దవాఖానలో మూడు రోజులకు గానీ మమ్మల్ని ఎవరూ పైసలు అడగలేదు.

అక్కడ డాక్టరమ్మ మా నాయినను తిట్టలేదు. కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరితిత్తులలోని సన్నని గొట్టాలు లోపల వాచి ఉంటాయి. పొగ, దుమ్ము, చలి తగిలితే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొని, గొట్టం ఇంకా సన్నబడుతుంది. ఆ సందులో నుంచి గాలి వెదురు పిల్లనగ్రోవిలో మాదిరి పోతుంటే వచ్చే చప్పుడే పిల్లికూత. నీలం పంపు బిగుసుకున్న కండరాలను కొన్ని నిమిషాల్లోనే వదులు చేస్తుంది. రెండో పంపు లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది. అది రోజూ పీల్చాలి, బాగున్న రోజు కూడా. ఉబ్బసం దానంతట అదే కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తగ్గిన రోజుల్లో మనం ఏం తిన్నామో దానికే పేరు వస్తుంది అన్నది. పంపు అలవాటైపోతుందా అని నాయిన అడిగిండు. కాదు, అలవాటు చేసుకోవాల్సింది మీరే అని నవ్వింది.

నాయిన చాలాసేపు ఊరుకొని, "మరి వాళ్లు పైసలు తీసుకోలేదు కదా, మోసం ఎట్లయితది?" అన్నడు. డాక్టరమ్మ "మోసం అని నేను అనలేదు" అన్నది. నాకైతే ఇద్దరి మాటా సరిగానే అనిపించింది. తరతరాలుగా వేలమందికి ఊరికే ఇవ్వడం చిన్న సంగతి కాదు. ఇచ్చే మనసు మంచిదే, కానీ గొట్టం వాపు ఆ మనసును చూసి తగ్గదు.

ప్రసాదం మూడేళ్లు వరుసగా తీసుకోవాలంటారు. అందుకని 2025 జూన్‌లో నాయిన మళ్లీ పోదామన్నడు. "పోదాం. పంపు మాత్రం ఆపేది లేదు" అన్నది అమ్మ. నేను కూడా ఈసారి నోరు తెరిచి అదే చెప్పిన. పొద్దున రెండో పంపు పీల్చి, నోరు పుక్కిలించి, నీలం పంపు అమ్మ కొంగున కట్టుకొని పోయినం. లైన్‌లో మా ముందు నిలబడ్డ పిల్లవాని జేబులోంచి కూడా నీలం పంపు మూత కనిపించింది. మా చెల్లె వాణ్ణి చూసి నవ్వింది. వచ్చేటప్పుడు బస్సులో ఆమెకు ఒకటే అనుమానం: పొట్టలో చేప ఇంకా ఈదుతుందా అని.

– 9వ తరగతి విద్యార్థి