మోటారు సైకిలు ఇంధన పట్టిక: ఇంటివద్ద సవరణ – పదం, పద్ధతి

వ్యాససంగ్రహం:
కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక మోటారు సైకిలు సవరణ స్వరూపమే మారింది. చెవికీ చేతికీ తెలిసిన పని అంకెల పట్టికలోకి చేరింది. ఇంటివద్ద ఆ పట్టికను మార్చదలచినవారికి కొలత ఎందుకు అనివార్యమో, కృష్ణా డెల్టా వేడిమి, నేటి పెట్రోలు ఆ కొలతను ఎలా ప్రభావితం చేస్తాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఇంధన పట్టిక, పలుచన, చిక్కన, లాంబ్డా, వృత్తిపదాలు, కృష్ణా డెల్టా.

1. ప్రవేశిక:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండవ సంపుటం (1971) చేనేత పదాలను నమోదు చేశాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌ను చూసినవారికి వాహన మరమ్మతు కూడా అలాంటి పదసంపద గల వృత్తేనని తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ దాదాపు సార్వత్రికమైంది. ‘ట్యూనింగ్’ అన్న పాత మాట మాత్రం నిలిచింది. మాట ఒకటే కావడంతో పని కూడా ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. ఇంజను చెడేది ఆ భ్రమవల్లనే.

2. పట్టిక స్వరూపం:
‘మ్యాప్’ను ‘పటం’ అనడం కంటే ‘పట్టిక’ అనడం సమంజసం. అడ్డువరుసలలో ఇంజను వేగం, నిలువువరుసలలో థ్రాటిల్ తెరుచుకున్న మేర లేదా లోపలికి వచ్చే గాలి పీడనం ఉంటాయి. అవి కలిసే గడిలోని అంకె ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది. నిమిషానికి 6000 చుట్ల వేగంలో నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. అంత తక్కువ వ్యవధిలో నియంత్రణ యూనిట్ ఎక్కాలు అప్పజెప్పే విద్యార్థి వలె సిద్ధంగా ఉన్న విలువను అందుకుంటుంది. రెండు గడుల నడుమ అంతర్వేశనం చేస్తుంది. ఆపై గాలి, ఇంజను ఉష్ణోగ్రతలను, బ్యాటరీ వోల్టేజీని బట్టి దిద్దుకుంటుంది.

పెట్రోలు తక్కువైన ‘లీన్’ మిశ్రమాన్ని పలుచనిదనీ, ఎక్కువైన ‘రిచ్’ మిశ్రమాన్ని చిక్కనిదనీ అనవచ్చు. మజ్జిగకు వాడే మాటలే ఇక్కడా అర్థవంతంగా అమరుతాయి.

3. చెవి ఎందుకు చాలదు?
కార్బురేటరు మరను తిప్పి శబ్దం వింటూ సరిచేసేది ప్రధానంగా నిలకడ వేగాన్ని. పట్టికలో అది ఒక మూలనున్న కొన్ని గడులకే పరిమితం. ఇంటిముంగిట సాఫీగా నడిచిన ఇంజను మచిలీపట్నం రహదారిపై పూర్తి థ్రాటిల్‌తో సాగేటప్పుడు వేరే గడులలోకి వెళ్తుంది. అక్కడ మిశ్రమం పలుచనైతే దహనవేడిమి పెరిగి, అకాల విస్ఫోటం మొదలై, పిస్టను దెబ్బతినవచ్చు. ఆ ప్రమాదాన్ని నిలకడ శబ్దం ముందుగా తెలుపదు.

మరొక అంశం గమనార్హం. సాధారణ వేగాలలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు సూచనతో నియంత్రణ యూనిట్ మిశ్రమాన్ని తానే దిద్దుకుంటుంది. అక్కడ మనం మార్చిన అంకెను అది మళ్లీ వెనక్కి లాగుతుంది. పూర్తి థ్రాటిల్ వద్ద సాధారణంగా ఈ దిద్దుబాటు ఉండదు. అంటే, పొరపాటును సరిదిద్దే ఏర్పాటు లేనిచోటనే పొరపాటు ఎక్కువ హాని చేస్తుంది.

4. డెల్టా ప్రత్యేకతలు:
డెల్టా సముద్రమట్టానికి చేరువలోని సమతల ప్రాంతం. ఇక్కడ ఎత్తు ప్రభావం స్వల్పం, వేడిమి ప్రభావం అధికం. 18 డిగ్రీల జనవరి ఉదయంతో పోల్చితే 45 డిగ్రీల మే మధ్యాహ్నపు గాలి సాంద్రత, పీడనం సమానమనుకుంటే, సుమారు 8 శాతం తక్కువ. అందువల్ల ఒక ఋతువులో కుదిర్చిన పట్టికను మరొక ఋతువులో తిరిగి పరీక్షించాలి.

ఇంధనం మరొక అంశం. శుద్ధ పెట్రోలులో ఒక పాలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలు. పాత పట్టిక మారకపోతే, సెన్సారు దిద్దనిచోట మిశ్రమం పలుచనవుతుంది. కొలతను నిష్పత్తిలో కాక లాంబ్డాలో చదవడం క్షేమం. ఇంధనం ఏదైనా సమతుల్య మిశ్రమానికి లాంబ్డా 1.

5. పద్ధతి, పరిమితి:
మొదట ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, గాలి లీకులను పరీక్షించాలి. యంత్రదోషాన్ని పట్టికతో కప్పిపుచ్చరాదు. మూల పట్టిక ప్రతిని భద్రపరచాలి. ‘వైడ్‌బ్యాండ్’ సెన్సారు అమర్చి, నడిచిన ప్రతి గడిలో మిశ్రమాన్ని నమోదు చేయాలి. తరువాత రెండు మూడు శాతానికి మించకుండా మార్చి తిరిగి కొలవాలి. కొలవని గడిని ముట్టరాదు. పూర్తి థ్రాటిల్ గడులను రహదారిపై గాక డైనమోమీటరుపైనే పరీక్షించాలి.

అతిచిక్కని మిశ్రమమూ నిరపాయకరం కాదు. అది ఇంజనాయిలును పలుచబరచి, పొగగొట్టంలోని ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుందన్న విషయాన్నీ విస్మరించరాదు.

6. ముగింపు:
కార్బురేటరు కాలపు జ్ఞానం నిరుపయోగం కాలేదు. మిశ్రమం పలుచనా, చిక్కనా అన్న ప్రశ్న నేటికీ అదే. దానికి సమాధానం చెప్పే సాధనం మాత్రం చెవి నుంచి కొలతకు మారింది. ఈ మార్పును తెలుగులో స్పష్టంగా చెప్పగల పదాలు లేకపోతే, మెకానిక్కుకూ వాహనదారుకూ అంకెలు మాత్రమే మిగులుతాయి, అర్థం మిగలదు. వ్యవసాయానికీ చేనేతకూ జరిగిన పదసేకరణ మరమ్మతు వృత్తికీ జరగవలసిన అవసరం ఇందువల్లనే ఉంది.